బావి నుంచి మూడు వందల అంగలు

మా మామగారు పోయిన రోజున ఆరుగురు సిపాయిలు వ్యానులోంచి దిగి, తుపాకులు ఆకాశానికెత్తి మూడుసార్లు కాల్చారు. కబురు అందిన మూడు గంటలకే వచ్చారు. నలభై ఏళ్లలో ఆయన రాసిన ఉత్తరాలకు ఒక్క ముక్క జవాబివ్వడానికి తీరిక దొరకని సైన్యం ఆఫీసు అది. మనిషి పోయాడనేసరికి మాత్రం ఎక్కడలేని చురుకు పుట్టుకొచ్చింది. పూలచక్రం, జెండా, ఇస్త్రీ నలగని ఒక ఆఫీసరు, అన్నీ వేళకి వచ్చాయి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

నేను ఆయన కోడల్ని. బస్టాండు వెనక వీధిలో చిన్న దుకాణం నడుపుతాను. బోర్డు మీద ‘రబ్బరు స్టాంపులు, టైపు, జెరాక్సు’ అని ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రబ్బరు పలక మీద అక్షరాలు చెక్కే చిన్న మిషను, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బల్ల. ఈ ఊళ్లో సగం ఆఫీసుల ముద్రలు నా చేతి మీదుగా పోయినవే. ఎవరి ముద్రలో ఏ అక్షరం అరిగిపోయిందో, ఏ గుమాస్తా తొందరలో తలకిందులుగా కొడతాడో నాకు కంఠతా వచ్చు. పెళ్లయి వచ్చిన రెండో నెల నుంచి మామయ్య ఉత్తరాలు టైపు చేసిందీ నేనే. ఇరవై రెండేళ్లపాటు చేశాను.

ఉత్తరంలో విషయం ఎప్పుడూ ఒక్కటే. తేదీ మార్చి మళ్లీ ప్రింటు తీయడమే నా పని.

యుద్ధంలో ఆయన మందుపాతరలు పాతే దళంలో ఉండేవాడు. పాతడం ఒక ఎత్తు, ఎక్కడ పాతారో రాసిపెట్టుకోవడం ఇంకో ఎత్తు. యుద్ధమయ్యాక వాటిని మళ్లీ మనవాళ్లే తవ్వి తీయాలి కదా. అందుకని కదలని గుర్తు ఒకటి చూసుకుని, అక్కడి నుంచి ఒక సిపాయి అంగలు లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు. ఆఫీసరు ఆ అంగల్ని మీటర్లలోకి మార్చి పటం గీస్తాడు. ఎవరి అంగ ఎంతో ముందుగానే కొలిచి ఒక చిన్న పుస్తకంలో రాసి ఉంచుతారు. వాళ్ల దళంలో ఆ పని చేసేవాడిని అందరూ పొడుగోడు అనేవారు. పొడుగోడు వంద అంగలు వేస్తే సరిగ్గా ఎనభై మీటర్లు.

ఆ రోజు పొడుగోడికి జ్వరం. ఆఫీసరు ఎదురుగా కనబడిన మా మామయ్యని పిలిచి, ఒక రాతి బావి గట్టు మూల నుంచి తూర్పుకు నడవమన్నాడు. మూడు వందల అంగల దగ్గర ఒకే వరసలో తొమ్మిది పాతారు. ఆఫీసరు పుస్తకం తెరిచి, “నీ అంగ కూడా పొడుగోడి అంతేనా?” అని అడిగాడు. మామయ్య పొట్టి మనిషి. సైన్యంలో చేరేటప్పుడే కొలబద్ద కింద మడమలు కాస్త ఎత్తి నిలబడ్డవాడు. పొట్టివాడని తేలితే వంటశాలకి పంపేస్తారని ఆయనకి లోలోపల ఒకటే బెంగ. అందుకని “అవును సార్” అన్నాడు.

ఆయన వంద అంగలు అరవై ఎనిమిది మీటర్లు. పటంలో ఆ వరస బావికి రెండు వందల నలభై మీటర్ల దూరాన పడింది. నేలలో మాత్రం రెండు వందల నాలుగు మీటర్ల దగ్గరే ఉంది. ముప్ఫై ఆరు మీటర్ల తేడా.

యుద్ధం ముగిశాక తీయడానికి వచ్చింది వేరే దళం. పటం చూసి తవ్వారు. ఏమీ దొరకలేదు. శత్రువు ముందే తవ్వుకుపోయి ఉంటాడని రాసేసి, ఆ భూమి శుభ్రంగా ఉందని కాగితం ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. “పారిపోయేవాడికి బూటు తాడు కట్టుకునే టైముండదు అమ్మాయ్. మన పాతరలు జాగ్రత్తగా తవ్వి మూట కట్టుకుపోయే తీరికెక్కడిది వాడికి?” అనేవాడు మామయ్య. ఆ భూమి శుభ్రమని తేల్చేసిన సంగతి ఆయన చెవిన పడేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. పై ఆఫీసరు దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. కాగితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాడు. అది మొదటి ఉత్తరం.

సైన్యం నుంచి దిగాక ఆయన ఒక మందుల గోదాము గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. అక్కడా అంగల లెక్కే. గేటు నుంచి మూల దీపానికి యాభై రెండు. మా ఇంట్లో మంచం నుంచి స్నానాలగదికి పదమూడు. వీధిలో పిల్లా పెద్దా ఆయన్ని అంగల తాత అనేవారు. బజారుకి తోడు వెళ్తే నాకు సిగ్గుగా ఉండేది, పెదాలు కదుపుతూ నడిచేవాడు. మా అత్తయ్య బతికున్నప్పుడు, “ఈయన నన్ను రెండో పెళ్లి చేసుకున్నాడే. మొదటి పెళ్లాం ఆ పొలం” అనేదట.

ఆఫీసు పలకదని తేలిపోయాక ఆయన తనే ఆ పొలానికి వెళ్లాడు. అప్పటికే ఒక రైతు కుటుంబం దాన్ని సాగు చేసుకోవడానికి సిద్ధమవుతోంది. చేతిలో శుభ్రమైన భూమి అని సర్కారు కాగితం ఉంది. మామయ్య బావి మూల నుంచి తన పొట్టి అంగలతో నడిచి, వరస ఉన్న చోటికి అటూ ఇటూ తెల్ల రాళ్లు పాతించాడు. ఈ నేల చెక్కలో మేకల్ని మేపుకోండి, నాగలి గానీ బండి గానీ దించొద్దు అని చెప్పాడు. అవి ట్యాంకు బరువుకి పేలేవి. మేక తొక్కితే ఏమీ కాదు, ట్రాక్టరు తొక్కితే అవుతుంది. ఎవరో దారినపోయే మాజీ సిపాయి చెప్పిన మాటని సర్కారు కాగితం కన్నా ఎక్కువగా నమ్మారు వాళ్లు. బావికి దిగువన తడి ఆరని నేల, పొలం మొత్తంలో మేలైన ముక్క, దాన్ని అలాగే బీడు పెట్టేశారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ దుక్కుల ముందు మామయ్య ఒక కార్డు రాసేవాడు. ‘ఇంకా తీయలేదు, ఆగండి’ అని. మొదట్లో పెద్దాయనకి, ఆయన పోయాక కొడుక్కి. ఇప్పుడు ఆ కొడుక్కీ తల నెరిసింది. మేం ఇంట్లో ఆయన్ని బావి రైతు అనుకునేవాళ్లం. ఆయన ఎప్పుడూ ‘అలాగేనండి’ అని తిరుగు కార్డు రాసేవాడు. ఆ రెండు కుటుంబాల మధ్య ఉన్నదంతా ఆ కార్డులే. ఫోను నంబరు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

మా ఆయనకి ఈ గొడవంటే మంట. బీమా ఆఫీసులో గుమాస్తా, కాగితాలంటే ఏమిటో తెలిసినవాడు. “నాన్నా, నీ ఉత్తరాలన్నీ అక్కడ బుట్టదాఖలవుతున్నాయి. తప్పు చేశానని నువ్వే రాసిస్తున్నావు. వాళ్లు తలకెత్తుకుంటారా?” అనేవాడు. మామయ్య వినిపించుకునేవాడు కాదు. నా దుకాణంలో బల్ల చివర కూర్చుని, “చదువు అమ్మాయ్, ఒకసారి చదువు” అనేవాడు. ‘నా ఒక్క మాట వల్ల’ అనే చోటికి వచ్చేసరికి కళ్లు దించుకునేవాడు. ఇరవై రెండేళ్లూ ఆ చోట అలాగే దించుకున్నాడు.

పోయినేడు ఆయన ఊపిరితిత్తులకి నీరు పట్టింది. నెల తిరక్కుండా మంచానికి అతుక్కుపోయాడు. ఇక తీసుకెళ్లండి, ఇంట్లోనే చూసుకోండి అని డాక్టరు పంపేశాడు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. పగలు చూసుకోడానికి ఒక నర్సమ్మని పెట్టాం. నేను దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే ఆయన అడిగేవాడు.

“జవాబు వచ్చిందా అమ్మాయ్?”

“రాలేదు మామయ్యా.”

“ఈసారి రిజిస్టరు చేశావా?”

“చేశాను. మీరు మాట్లాడకండి, దగ్గు వస్తుంది.”

అన్నం నోటికి పోదు, కన్ను మూతపడదు. మగతలో వేళ్లు మడిచి లెక్కపెట్టేవాడు. రెండు వందల తొంభై దాటేసరికి భయపడి లేచేవాడు. చూడలేకపోయాను. మా ఆయన ఒక రోజు దుకాణానికి వచ్చి, బల్ల మీద కూర్చుని, నా మిషను వంక చూశాడు.

“నీకు చేతకానిదేం కాదుగా” అన్నాడు.

“ఏం చేతకానిది?”

“వాళ్లు రాయాల్సింది నువ్వు రాసెయ్. ఎవడు చూడొచ్చాడు? కాగితం ఆయన దిండు కింద ఉంటుంది, ఆయనతోనే పోతుంది. మనిషి ప్రశాంతంగా పోతాడు.”

ఛీ అన్నాను. మర్నాడు పొద్దున్న దుకాణం తలుపు సగం దించి చేశాను.

దాని గురించి సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అంత బాగా నేనెప్పుడూ పని చేయలేదు. ఆ ఆఫీసు వాళ్ల పూలచక్రానికి కట్టే చీటీలు, బదిలీ కాగితాలు ఎన్నో నా జెరాక్సు మీద నడిచాయి. పైన గుర్తు, ఎడమ పక్క ఫైలు నంబరు, ‘పై విషయమై తమరికి తెలియజేయునది ఏమనగా’ అంటూ వాళ్ల నడక, అన్నీ దించాను. సదరు స్థలమును తిరిగి కొలిచి, తమరు తెలిపిన చోటనే తొమ్మిది పాతరలును వెలికితీసి నిర్వీర్యం చేయడమైనది. కింద గుండ్రటి ముద్ర. సంతకం కాస్త విసుగ్గా గీశాను, నిజం ఆఫీసరు సంతకంలా ఉండాలని.

మామయ్య భూతద్దం పెట్టి చదివాడు. చాలాసేపు పట్టింది. ఎక్కడో పట్టేస్తాడనుకున్నాను.

“తొమ్మిదీనా?” అన్నాడు.

“తొమ్మిదీ, మామయ్యా.”

“మనం చెప్పిన చోటేనా?”

“మీరు చెప్పిన చోటే.”

ఆయన కాగితాన్ని గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్లు జారాయి. ఆ రోజు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. నా పెళ్లయ్యాక ఆయన్ని అంత తేలిగ్గా నేను చూడలేదు. పాలు తాగాడు, నర్సమ్మని ఆటపట్టించాడు, పొడుగోడి గురక గురించి చెప్పి నవ్వించాడు. స్నానాలగదికి పట్టుకుని తీసుకెళ్తే లెక్కపెట్టలేదు. మంచి పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను. పన్నెండో రోజు పొద్దున్న కాఫీ చల్లారిపోయింది, ఆయన లేవలేదు.

తుపాకులు మోగాయి. ఆఫీసరు నా ముందు నిలబడి, “దేశం ఆయన సేవని మరిచిపోదమ్మా” అన్నాడు.

“ఆయన ఉత్తరాలు మాత్రం మరిచిపోయింది” అన్నాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు.

“ఏ ఉత్తరాలు?”

“నలభై ఏళ్లవి. మందుపాతరల పటం తప్పని.”

ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు. “అది వేరే సెక్షనమ్మా. మాది అంత్యక్రియలు” అని సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు.

మూడో రోజు పోస్టులో కార్డు వచ్చింది. మామయ్య పేరు మీద, బావి రైతు రాసింది.

‘అయ్యా, తమరి కార్డు అందింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. మా నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో. గురువారం పొద్దున్న ట్రాక్టరు పెట్టి ఆ చెక్క దున్నిస్తున్నాం. తమరు రాగలిగితే మొదటి దుక్కి చాలు తమరి చేతుల మీదుగా సాగాలని మా ఆశ.’

నర్సమ్మకి ఫోను చేశాను. “అవునమ్మా, కాగితం వచ్చిన మర్నాడే కార్డు రాశాడు. చెయ్యి వణుకుతుంటే నేనే పట్టుకున్నా. నన్నే డబ్బాలో వెయ్యమన్నాడు. నీకు తెలుసనుకున్నా” అంది. ఆమె తప్పేముంది? తీయలేదని రైతుకి చెప్పాల్సిన బాధ్యత మామయ్యకి నలభై ఏళ్లు ఉంటే, తీశారని చెప్పాల్సిన బాధ్యత ఉండదా? నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన ప్రాణం ఆ కాగితం మీద ఉందనుకున్నాను గానీ, ఆయన ధ్యాసంతా ఆ రైతు మీద ఉందని ఇరవై రెండేళ్లు టైపు కొట్టీ తెలుసుకోలేదు.

ఆ రోజు బుధవారం. సాయంత్రం బస్సు అప్పటికే వెళ్లిపోయింది. తెల్లవారి మొదటి బస్సెక్కి, ఒకచోట మారి, ఆటో పట్టుకుని పొలం చేరేసరికి తొమ్మిదిన్నర. ట్రాక్టరు బావి పక్క నుంచి దాదాపు ఆ చెక్క దాకా దున్నేసింది. తెల్ల రాళ్లు పీకి ఒక పక్కన కుప్పగా పోశారు. ట్రాక్టరు ఆ చెక్క అంచుకి పదిహేను మీటర్ల దూరంలో ఉంది. చేతులూపుకుంటూ పరుగెత్తాను. డ్రైవరు ఎవరో పిచ్చిదనుకుని ఇంజను ఆపాడు.

బావి రైతు గట్టు మీద నుంచి వచ్చాడు. నేనెవరో చెబితే చేతులు జోడించాడు. మామయ్య పోయాడని చెబితే తలపాగా తీసేశాడు.

“ట్రాక్టరు వెనక్కి తీయించండి” అన్నాను. “ఇక్కడ పాతరలు ఉన్నాయి. ఎవరూ తీయలేదు.”

“తీశారుగా. ఆయనే రాశారు.”

“ఆయనకి నేను అబద్ధం చెప్పాను. ఆఫీసు ఉత్తరం నేను తయారు చేసింది. ఆయన నమ్మి మీకు రాశాడు.”

రైతు చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. నా ముఖం ముందు పట్టుకున్నాడు. “ఇది ఆయన రాత కాదా?”

“ఆయన రాతే.”

“మరి?”

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఎంత చెబితే అంత దూరం జరుగుతున్నాడు. చివరికి ఆయన ముఖంలో ఉన్న జాలి కాస్తా ఎగిరిపోయింది.

“నలభై ఏళ్లు ఆయన ఆగమంటే ఆగాం. మా నాన్న ఈ చెక్క వంక చూస్తూ చచ్చిపోయాడు. ఇప్పుడాయన దున్నుకోమన్నాడు. ఆయన కళ్లు మూయగానే మీరొచ్చి తిరకాసు పెడుతున్నారు. ఏం కావాలి మీకు, పొలంలో వాటానా?”

“నాకు గడ్డిపరక కూడా వద్దండి. ట్రాక్టరు మాత్రం కదపకండి.”

“మేకలు నలభై ఏళ్లు తిరిగాయి. ఒక్క మేక పేలలేదు. సర్కారు లేవంది, మీ మామగారు లేవన్నారు, మీరొక్కరే ఉన్నాయంటారు. మీ మాట ఎందుకు నమ్మాలి?”

ఆయన స్థానంలో నేనున్నా నన్ను నమ్మను. డ్రైవరు, గంటల లెక్క బండి, తొందరగా తేల్చండి అన్నాడు. నేను వెళ్లి ట్రాక్టరు ముందు చక్రాల దగ్గర మట్టిలో చతికిలబడ్డాను. రైతు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆడమనిషిని ఈడ్చేయడానికి వాళ్లకి చేతులు రాలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను, ఆఖరికి ఎవరో పోలీసులకి ఫోను చేశారు.

ఎస్సై వచ్చి, గొడుగు కింద నిలబడి, రైతు దగ్గరున్న సర్కారు కాగితం చూశాడు. మామయ్య కార్డు చదివాడు. “రెండూ శుభ్రంగా ఉందనే అంటున్నాయిగా. మీకేమిటమ్మా బాధ?” అన్నాడు. పాతరల సంగతి చెప్పాను, పొడుగోడి అంగల సంగతి చెప్పాను. ఆవలించాడు. ఉత్తరం నేను తయారుచేశానన్నాను. అప్పుడు కాస్త ఇటు తిరిగాడు.

“ముద్ర కూడానా?”

“ముద్ర కూడా.”

“సర్కారు ముద్ర?”

“గుండ్రటిది. ఆ ముద్ర, ఆయన దిండు కింది ఉత్తరం, రెండూ నా సంచిలో ఉన్నాయి, చూడండి.”

అంతే, గొడుగు మూసేశాడు. నోటుబుక్కు తీశాడు. నలభై ఏళ్లు నిజం రాస్తే ఏ కుర్చీ కదల్లేదు గానీ, ఒక్క దొంగ కాగితానికి జీపు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక ఫోటోగ్రాఫరు గంటలో దిగారు. నన్ను స్టేషనుకి తీసుకెళ్లారు. కేసు తేలేవరకు ఉత్తరంలో చెప్పిన భూమిలో ఎవరూ అడుగు పెట్టకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. చెక్క చుట్టూ పసుప్పచ్చ తాడు కట్టి, ఒక బోర్డు పాతారు. పాతరలు వెతకడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఎస్సై సైన్యం ఆఫీసుకి రాశాడు, తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. ‘సదరు లేఖ మా కార్యాలయము జారీ చేసినది కాదు. సదరు స్థలము పూర్వమే శుభ్రపరచబడినది.’ మామయ్య బతుకంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన జవాబు అదే. కింద ముద్ర కొట్టారు. అక్షరాలు అరిగిపోయి అలికినట్టుంది. నాదే బాగుంది.

బెయిలు మీద బయటికొచ్చాక నా పేరు మీద మూడు ఉత్తరాలు రాశాను, ముప్ఫై ఆరు మీటర్ల సంగతి. రిజిస్టరు చేశాను. ఎవరూ పలకలేదు. దుకాణంలో స్టాంపుల పని పోయింది, జెరాక్సు మిగిలింది. తను ఇచ్చిన సలహా గురించి మా ఆయన స్టేషనులో ఒక్క ముక్క అనలేదు, ఇంట్లోనూ అనడు. అడగడం మానేశాను.

మొదటి వాయిదాకి ముందు ప్లీడరు నన్ను కూర్చోబెట్టి ధైర్యం చెప్పాడు.

“ఇది చిన్న కేసమ్మా. మీరు లాభపడింది లేదు, ఎవరూ నష్టపోయింది లేదు. పోయే ముసలాయన కోసం చేశారు. ఒప్పేసుకుంటే జడ్జిగారు మందలించి జరిమానాతో వదిలేస్తారు. ఒక్క పూటలో తేలిపోతుంది.”

“తేలితే తాడు?”

“ఏ తాడు?”

“పొలం చుట్టూ ఉన్నది.”

“కేసే లేకపోతే తాడెందుకుంటుంది? తీసేస్తారు.”

“పాతరల సంగతి జడ్జిగారికి చెబితే?”

“లేవని ఆఫీసు రాసిచ్చింది. మీరు దొంగ కాగితం చేసిన మనిషి. ఎవరి మాట చెల్లుతుంది, మీరే చెప్పండి.”

“మరి ఒప్పుకోకపోతే?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒప్పుకోకపోతే విచారణ. సాక్షులు, ముద్రల నిపుణుడు, చేతిరాత నిపుణుడు, వాయిదాల మీద వాయిదాలు. ఏడెనిమిదేళ్లు లాగుతుంది. చివర్లో జైలుశిక్ష కూడా పడొచ్చు. చేజేతులా ఎందుకమ్మా?”

“లాగండి” అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ట్రాక్టరు డ్రైవరు చూపులాగే ఉంది.

కోర్టు హాలులో ఫ్యాను కింద నిలబెట్టారు. బావి రైతు సాక్షుల బల్ల మీద కూర్చున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. జడ్జిగారు కాగితాలు తిరగేసి, నేరం ఒప్పుకుంటారా అని అడిగారు.

“లేదండి.”

“ఈ ఉత్తరం మీరు తయారు చేసింది కాదంటారా?”

“కాదండి. ఆఫీసు నుంచి వచ్చిందే.”

ఇరవై రెండేళ్లు నేను టైపు చేసిన ప్రతి అక్షరం మీదా ఆ ఒక్క మాటతో మన్ను పోసినట్టయింది. మామయ్య వింటే ఏమనేవాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ప్లీడరు లేచి గడువు అడిగాడు. తర్వాతి వాయిదా విత్తనాల రోజులు దాటాక పడింది.

బయట మెట్ల మీద రైతు నాకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ రోజు నా ట్రాక్టరు ముందు కూర్చుని అది అబద్ధమన్నావు. ఇవాళ జడ్జిగారి ముందు నిలబడి నిజమన్నావు. నిజమైతే నా పొలం ఎందుకాపావు?”

ఏం చెప్పినా ఇంకో అబద్ధం కిందే లెక్క.

“ఆ మహానుభావుడు నలభై ఏళ్లలో ఒక్కసారి మాట మార్చలేదు. ఆయన ఇంట్లో ఎలా పడ్డావే నువ్వు? మా పిల్లల నోటి దగ్గర కూడు కొట్టావు. నువ్వు బాగుపడవు.”

మెట్ల మీద జనం ఆగి చూస్తున్నారు. ఆయన ఇంకా చాలా అన్నాడు, అవన్నీ ఇక్కడ రాయను. ఇంతలో ఆయన బస్సు వచ్చింది. తిడుతూనే మెట్లు దిగాడు, తిడుతూనే రోడ్డు దాటాడు, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా తన రెండు కాళ్ల మీద నడిచి వెళ్లి బస్సెక్కాడు.